బండి ఉంది.. కాగితమే లేదు!

పాత మోటారు సైకిళ్లకు చట్టబద్ధమైన యాజమాన్యం పొందేదెలా?

పశువుల పాకలో ఓ మూల గోనెపట్టాల కింద రాజ్‌దూత్‌. తాత కాలంలో కొన్నది. ట్యాంకు తుప్పు పట్టింది. సీటును ఎలుకలు కొరికేశాయి. పట్నం నుంచి వచ్చిన మనవడు మెకానిక్‌ను పిలిపించి కార్బొరేటర్‌ కడిగించి, ప్లగ్‌ మార్పిస్తే నాలుగో కిక్‌కు బండి పొగ చిమ్ముతూ లేచింది. ఇంటిల్లిపాదికీ సంబరమే. దానిని రోడ్డెక్కించాలన్న ఆలోచన వచ్చిన మరుక్షణమే అసలు చిక్కు ఎదురైంది. ఆర్‌సీ ఏదీ? పెట్టెలు, అటకలు వెతికినా దొరకలేదు. తాత లేరు. నంబరు ప్లేటుపై అక్షరాలు సగమే మిగిలాయి.

ఉభయ తెలుగు రాష్ట్రాల్లో ఏ జిల్లా రవాణా కార్యాలయానికి వెళ్లినా ఇటువంటి సమస్యతో నిలబడిన వారు తారసపడతారు. 1955లో మద్రాసులో తయారీ ప్రారంభమైన బుల్లెట్‌, మైసూరులోని ఐడియల్‌ జావా కర్మాగారం 1996 వరకు విడుదల చేసిన జావా, యెజ్డీలు, 1985 నుంచి 1996 వరకు వచ్చిన యమహా ఆర్‌ఎక్స్‌ 100 వంటి బండ్లపై మోజు పెరగడంతో ఇనుప సామాన్ల కొట్టుకు పోవలసిన వాహనాలు సైతం వేలల్లో ధర పలుకుతున్నాయి. అయితే వీటిలో అత్యధికం కంప్యూటర్లు రాకముందు రిజిస్టరైనవి. చేతులు మారిన ప్రతిసారీ తాళం చెవి మారిందే తప్ప రికార్డు మారలేదు.

కాగితాలు లేని బండికి యాజమాన్య హక్కు పొందడం సాధ్యమేనా? కొన్ని సందర్భాల్లో సాధ్యమే. కొన్నిట్లో కష్టసాధ్యం. మరికొన్నిట్లో అసాధ్యం. తన బండి ఏ కోవలోకి వస్తుందో డబ్బు చెల్లించక ముందే తెలుసుకోవడం కొనుగోలుదారుకు అత్యవసరం.

రికార్డులో పేరున్నవారే యజమాని

మోటారు వాహనాల చట్టం-1988లోని 2(30)వ సెక్షన్‌ ప్రకారం వాహనం ఎవరి పేరిట రిజిస్టరై ఉందో వారే యజమాని. సొమ్ము చెల్లించి, రశీదు రాయించుకుని, బండి ఇంటికి తెచ్చుకున్నా రవాణా శాఖ దృష్టిలో పాత యజమానే యజమాని. వందరూపాయల స్టాంపు కాగితంపై రాసుకున్న ఒప్పందం, నోటరీ ప్రమాణపత్రం అమ్మకం జరిగిందనడానికి సాక్ష్యాలు మాత్రమే. అవి ఆర్‌సీకి ప్రత్యామ్నాయం కావు.

దీనివల్ల ఇరువర్గాలకూ ముప్పే. నవీన్‌ కుమార్‌ వర్సెస్‌ విజయ్‌ కుమార్‌ కేసులో 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. అందులోని కారు పలువురి చేతులు మారింది. రికార్డులో మాత్రం మొదటి వ్యక్తి పేరే నిలిచిపోయింది. ప్రమాదం జరిగినపుడు పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని న్యాయస్థానం తేల్చింది. ఎప్పుడో పదేళ్ల కిందట ఖాళీ ఫారాలపై సంతకాలు పెట్టి బండి అమ్మేసిన వ్యక్తి, తాను ఎన్నడూ చూడని మనిషి చేసిన ప్రమాదానికి లక్షలు చెల్లించవలసి రావచ్చన్నమాట. బండి నడిపిన వ్యక్తికీ ఊరట ఉండదు. రిజిస్ట్రేషన్‌ చెల్లని, బీమా లేని వాహనంతో మనిషిని ఢీకొడితే ఆదుకునే బీమా సంస్థ ఉండదు.

మరో అంశం కూడా గమనార్హం. వస్తు విక్రయ చట్టం-1930 ప్రకారం అమ్మేవానికి ఉన్న హక్కు కంటే మెరుగైన హక్కు సాధారణంగా కొనేవానికి రాదు. దొంగ బండిని తెలియక కొన్నా అది అసలు యజమానిదే అవుతుంది. ఆ యజమానికి బీమా సంస్థ చోరీ పరిహారం చెల్లించి ఉంటే బండిపై హక్కు ఆ సంస్థకు సంక్రమించి ఉంటుంది.

ముందుగా చదవవలసింది చాసిస్‌ నంబరు

నంబరు ప్లేటును ఎవరైనా మార్చగలరు. కనుక పరిశీలన చాసిస్‌ నంబరుతో మొదలు కావాలి. ఎక్కువ బండ్లలో ఇది హ్యాండిల్‌ కింద, ఫ్రేము ముందు భాగంలో కొట్టి ఉంటుంది. ఇంజిన్‌ నంబరు క్రాంక్‌ కేసుపై ఉంటుంది. మట్టి, గ్రీజు కిరోసిన్‌తో కడిగి, మెత్తని బ్రష్షుతో రుద్దితే అక్షరాలు తేలుతాయి. గరుకు కాగితంతో గీకడం, గ్రైండర్‌ పెట్టడం చేయరాదు. ఆ తర్వాత పరిశీలనకు వచ్చే మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్‌కు ఆ గీతలే అనుమానం కలిగిస్తాయి. నంబరుపై సన్నని కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు పడుతుంది. కార్యాలయంలో కూడా ఈ అచ్చునే అడుగుతారు.

అంకెల మధ్య దూరం సమంగా లేకపోయినా, ఒక అంకె లోతుగా, మరొకటి పైపైన ఉన్నా, ఆ భాగంలో మాత్రమే కొత్త పెయింటు కనిపించినా, వెల్డింగు మచ్చ ఉన్నా బేరం అక్కడితో ఆపేయడం క్షేమం. చెరిపేసిన నంబర్లను ఫోరెన్సిక్‌ నిపుణులు రసాయనాలతో తిరిగి తేల్చగలరు.

రిజిస్ట్రేషన్‌ నంబరు ఆనవాలు దొరికితే పని సగం తేలికవుతుంది. 1989 జులై 1న కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు అమల్లోకి రాకముందు బండ్లకు మూడక్షరాల నంబర్లు ఉండేవి. ఆ తర్వాత రాష్ట్రం, జిల్లా సంకేతాలతో వచ్చాయి. కృష్ణాకు ఏపీ 16, గుంటూరుకు ఏపీ 7, కరీంనగర్‌కు ఏపీ 15, వరంగల్‌కు ఏపీ 36 అన్నవి పాత తరం వారికి కంఠతా వచ్చు. విభజన అనంతరం తెలంగాణలో 2014లో టీఎస్‌, 2024 మార్చి నుంచి టీజీ సంకేతాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కొత్త వాహనాలకు జిల్లాలన్నిటికీ కలిపి ఏపీ 39 సిరీస్‌ ప్రవేశపెట్టారు. పాత నంబరును బట్టి బండి ఏ కార్యాలయంలో నమోదైందో తెలుస్తుంది. జిల్లాలు విడిపోయినా మూల రిజిస్టర్లు పాత జిల్లా కేంద్రంలోనే ఉండిపోయిన సందర్భాలు ఉంటాయి. కనుక అక్కడే మొదట విచారించాలి.

వాహన్‌ పోర్టల్‌లో వివరాలు లేనంత మాత్రాన బండికి రిజిస్ట్రేషన్‌ లేదని భావించనక్కర లేదు. చేతిరాత రిజిస్టర్ల నుంచి చాలా పాత బండ్ల వివరాలు కంప్యూటర్‌లోకి ఎక్కలేదు. అటువంటప్పుడు కార్యాలయంలోని ‘బి-రిజిస్టర్‌’లో ఉన్న నమోదును వెతికించి, దాని నకలు కోరాలి. మొదటి యజమాని పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్‌ తేదీ, చాసిస్‌, ఇంజిన్‌ నంబర్లు, పన్ను వివరాలు, ఫైనాన్స్‌ ఉందా అన్నది అందులో తెలుస్తాయి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు గానీ, ఇతరుల వ్యక్తిగత వివరాలన్న కారణంతో యజమాని చిరునామా నిరాకరించే అవకాశం ఉంది. యజమాని వారసులే స్వయంగా వెళ్లడం ఉత్తమం.

చోరీ కేసు ఉన్నదీ లేనిదీ జాతీయ నేర రికార్డుల బ్యూరో నిర్వహించే ‘వాహన్‌ సమన్వయ్‌’ ద్వారా చూడవచ్చు. డిజిటల్‌ పోలీస్‌ పోర్టల్‌లో చాసిస్‌, ఇంజిన్‌ నంబర్లు ఇస్తే చోరీ జాబితాలో ఉందో లేదో తెలిపే పత్రం వస్తుంది. ముప్ఫై ఏళ్ల నాటి చోరీలు అన్నీ అందులో ఉంటాయన్న భరోసా లేకపోయినా, ఈ పరీక్ష చేయకుండా ముందుకు పోవడం అవివేకం.

యజమాని బతికి ఉంటే..

ఇది సులభమైన మార్గం. అయితే ఇక్కడే ఎక్కువ మంది పొరబడతారు. పోయిన ఆర్‌సీకి నకలు తీసుకునే హక్కు కొన్నవారికి లేదు. రిజిస్టరై ఉన్న యజమానే దరఖాస్తు చేయాలి. ఆర్‌సీ పోయిన సంగతిని పోలీసు స్టేషన్‌లో తెలిపి, ఫారం 26 ద్వారా రిజిస్టరింగ్‌ అథారిటీకి దరఖాస్తు సమర్పించాలి. రికార్డులో ఫైనాన్స్‌ నమోదై ఉంటే రుణం తీరినట్లు ఆ సంస్థ సంతకంతో ఫారం 35 కావాలి. పాతికేళ్ల కిందట రుణమిచ్చిన సంస్థ మూతపడి ఉంటే ఈ ఒక్క కాగితం కోసం నెలల తరబడి తిరగవలసి రావచ్చు.

నకలు ఆర్‌సీ చేతికి వచ్చాక యాజమాన్య బదిలీ. అమ్మినవారు ఫారం 29లో, కొన్నవారు ఫారం 30లో దరఖాస్తు చేయాలి. అమ్మినవారు అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, ఇతర రాష్ట్రమైతే 45 రోజుల్లో తెలియజేయాలని చట్టంలోని 50వ సెక్షన్‌ చెబుతోంది. కొన్నవారికి గడువు 30 రోజులు. గడువు దాటితే బదిలీ ఆగదు, ఆలస్య రుసుం పడుతుంది.

బండి నలుగురి చేతులు మారినా మధ్యనున్న వారి సంతకాలు రవాణా శాఖకు అక్కర లేదు. రికార్డులో ఉన్న వ్యక్తి సంతకమే ప్రధానం. కనుక బండి అమ్మిన దళారీ చుట్టూ తిరగడం కంటే పాత చిరునామాకు వెళ్లి ఆ ఇంటి తలుపు తట్టడమే దగ్గరి దారి. వెళ్లేటప్పుడు చుట్టూ ఉన్న నలుగురికీ తెలిసేలా పెద్దమనిషిని వెంటబెట్టుకుని మర్యాదగా మాట్లాడితే, తన పేరిట ఇంకా ఓ బండి తిరుగుతోందని తెలిసి భయపడిన యజమాని స్వయంగా సంతకానికి ముందుకు వచ్చే అవకాశమే ఎక్కువ.

యజమాని మరణించి ఉంటే..

పల్లెల్లో పాకల్లో మిగిలిపోయిన బండ్లలో సింహభాగం ఈ కోవలోనివే. కేంద్ర నిబంధనల్లోని 56వ నిబంధన వీటికి వర్తిస్తుంది. యజమాని మరణించిన 30 రోజుల్లోగా ఆ సంగతి కార్యాలయానికి తెలియజేస్తే, వాహనం పొందిన వారసుడు మూడు నెలల పాటు దానిని నడుపుకోవచ్చు. ఆ మూడు నెలల్లోనే ఫారం 31లో బదిలీకి దరఖాస్తు చేయాలి. మరణ ధ్రువీకరణ పత్రం, ఆర్‌సీ, బీమా పత్రం జత చేయాలి.

ఇరవై ఏళ్లు గడిచాక ఈ గడువుల మాటేమిటి? ఆలస్యమైనంత మాత్రాన వారసుల హక్కు పోదు. అయితే కాగితాలు పెరుగుతాయి. తహసీల్దారు కార్యాలయం నుంచి కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం తీసుకోవాలి. దరఖాస్తుదారుకు బదిలీ చేయడానికి అభ్యంతరం లేదని మిగిలిన వారసులందరూ సంతకాలతో అంగీకారం తెలపాలి. ఆడపడుచుల సంతకం అవసరం లేదనుకోవడం పొరబాటు. వారూ వారసులే. ఆర్‌సీ పోయినట్లయితే నకలుకు, బదిలీకి కలిపి దరఖాస్తు చేసే వీలుపై ముందుగా కార్యాలయంలో విచారించాలి.

మరణానికి ముందే జాగ్రత్త పడేవారికి ఇప్పుడొక వెసులుబాటు ఉంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన సవరణతో ఆర్‌సీలో నామినీ పేరు చేర్చుకోవచ్చు. పాత బండి కాగితాలు సరిచేసుకుంటున్న వారు ఆ పనిలో పనిగా నామినీని కూడా నమోదు చేయించుకుంటే మరో తరానికి ఈ తిప్పలు తప్పుతాయి.

వారసులు కానివారు కొన్న బండి అయితే మొదట వారసుల పేరిటకు, ఆపై కొన్నవారి పేరిటకు రెండంచెల్లో బదిలీ జరగవలసి ఉంటుంది.

యజమాని ఆచూకీ లేకపోతే..

ఎన్నేళ్లు దగ్గర పెట్టుకున్నా, ఆ కాలాన్ని బట్టి ఆర్‌సీ ఇచ్చే నిబంధన మోటారు వాహనాల చట్టంలో లేదు. అమెరికాలోని టెక్సాస్‌ వంటి రాష్ట్రాల్లో పూచీకత్తు బాండు కట్టించుకుని కాగితాలు లేని వాహనానికి యాజమాన్య పత్రం ఇచ్చే పద్ధతి ఉంది. అక్కడ స్థిరపడిన బంధువుల ద్వారా ఈ సంగతి విని, ఇక్కడా ఆ వీలుందేమోనని అడిగేవారున్నారు. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేదు.

మిగిలిన దారి సివిల్‌ కోర్టు. నిర్దిష్ట పరిహార చట్టం-1963లోని 34వ సెక్షన్‌ కింద యాజమాన్య ప్రకటన కోరుతూ దావా వేయవచ్చు. రికార్డులోని యజమానిని, రిజిస్టరింగ్‌ అథారిటీని ప్రతివాదులుగా చేర్చాలి. యజమాని చిరునామాలో లేకుంటే కోర్టు అనుమతితో పత్రికా ప్రకటన ద్వారా సమను అందజేయవచ్చు. కొన్నప్పటి రశీదు, పాత పన్ను చలానాలు, గడువు తీరిన బీమా పాలసీలు, మెకానిక్‌ బిల్లులు, ఊరివారి సాక్ష్యం ఇక్కడ అక్కరకు వస్తాయి. అందుకే తుప్పు పట్టిన బండితోపాటు దొరికిన చిరిగిన కాగితమేదైనా పారేయరాదు. సంవత్సరాలు పట్టే ఈ వ్యవహారానికి న్యాయవాది ఫీజు, కోర్టు రుసుం కలిపితే బండి ధరను మించిపోవచ్చు. కుటుంబ జ్ఞాపకంగా కాపాడుకోవలసిన వాహనానికి తప్ప ఈ మార్గం లాభదాయకం కాదు.

రిజిస్టరింగ్‌ అథారిటీ దరఖాస్తును తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా కోరాలి. ఉత్తర్వు అందిన 30 రోజుల్లో 57వ సెక్షన్‌ కింద అప్పీలు చేసుకోవచ్చు. నోటి మాటగా ‘కుదరదు’ అన్నదానిపై అప్పీలు ఉండదు.

వేలంలో కొంటే కొత్త నంబరు

నంబరే లేని బండికి సైతం మచ్చలేని హక్కు వచ్చే మార్గం ఒకటుంది. అదే ప్రభుత్వ వేలం. అనామతుగా దొరికిన వాహనాలను పోలీసులు మేజిస్ట్రేట్‌కు నివేదిస్తారు. హక్కుదారు తెలియకపోతే ఆరు నెలల్లో వచ్చి నిరూపించుకోవాలని ప్రకటన వెలువడుతుంది. గతంలో నేర విచారణ స్మృతిలోని 457, 458 సెక్షన్ల కింద జరిగిన ఈ ప్రక్రియ 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 503, 504 సెక్షన్ల కింద జరుగుతోంది. ఎవరూ రాకుంటే వాహనం ప్రభుత్వపరమై వేలానికి వస్తుంది. ఈ ప్రకటనలు జిల్లా పత్రికల్లో తరచూ కనిపించేవే.

వేలంలో దక్కించుకున్నవారు స్వాధీనం పొందిన 30 రోజుల్లో ఫారం 32లో దరఖాస్తు చేయాలి. వేలం నిర్వహించిన అధికారి సంతకం చేసిన విక్రయ ధ్రువీకరణ, వేలానికి అనుమతించిన ఉత్తర్వు నకలు జతపరచాలి. వాహనానికి నంబరు లేకున్నా, ఉన్న నంబరు బూటకమని తేలినా 57వ నిబంధన కింద రిజిస్టరింగ్‌ అథారిటీ మొదట వేలం వేసిన ప్రభుత్వ శాఖ పేరిట కొత్త నంబరు కేటాయించి, ఆపై కొన్నవారి పేరిటకు బదిలీ చేస్తుంది. సైన్యం విక్రయించిన బుల్లెట్లకు సంబంధిత సైనికాధికారులు ఇచ్చే ఫారం 21 విక్రయ పత్రమే ఆధారం.

ఇక్కడ ఒక్క మాట చూసుకోవాలి. వేలం షరతుల్లో ‘తుక్కు కింద’ అని ఉంటే ఆ బండి రోడ్డుపై తిప్పడానికి కాదు. తక్కువ ధరకు వచ్చిందని ఆశపడి రిజిస్ట్రేషన్‌కు వెళితే భంగపాటు తప్పదు.

రోడ్డు పక్కన వదిలేసిన బండిని ఇంటికి తెచ్చుకుని బాగుచేయించుకోవడం మాత్రం ప్రమాదకరం. దొరికిన వస్తువును జాగ్రత్తగా కాపాడవలసిన బాధ్యత దొరికిన వ్యక్తిదని భారత ఒప్పంద చట్టంలోని 71వ సెక్షన్‌ చెబుతోంది. పోలీసులకు అప్పగించి, వేలానికి వస్తే పాడుకోవడమే పద్ధతి.

గడువు తీరిన రిజిస్ట్రేషన్‌

పేరు మారినంతనే పని పూర్తి కాదు. సొంత వాహనాల రిజిస్ట్రేషన్‌ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆ తర్వాత ఫారం 25లో దరఖాస్తు చేసి ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఇన్‌స్పెక్టర్‌ ముందు బండిని నిలబెట్టాలి. హెడ్‌లైటు, బ్రేకు లైటు, హారను, ఇండికేటర్లు, టైర్లు, సైలెన్సర్‌ పనిచేయాలి. కాలుష్య ధ్రువీకరణ పత్రం, థర్డ్‌ పార్టీ బీమా ఉండాలి. పాత పన్ను బకాయిలతో పాటు హరిత పన్ను చెల్లించాలి. మోటారు సైకిల్‌ పునరుద్ధరణ రుసుం 2022 ఏప్రిల్‌ 1 నుంచి వెయ్యి రూపాయలైంది. 20 ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో కేంద్రం దీనిని రూ.2 వేలకు పెంచింది. పునరుద్ధరణ పూర్తయ్యేవరకు బండిని తోసుకునో, ఆటో ట్రాలీపై ఎక్కించుకునో తీసుకెళ్లాలి తప్ప నడపరాదు.

ఇంజిన్‌ మార్చిన బండ్లది వేరే తలనొప్పి. ఆర్‌ఎక్స్‌ 100 ఫ్రేములో వేరొక బండి ఇంజిన్‌ బిగించడం వర్క్‌షాపుల్లో మామూలు. రికార్డులోని ఇంజిన్‌ నంబరు కలవకపోతే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ఇంజిన్‌ మార్పును 52వ సెక్షన్‌ కింద 14 రోజుల్లో తెలియజేయాలి. మార్చిన ఇంజిన్‌ ఎక్కడిదో చూపే బిల్లు లేకపోతే ఆ ఇంజిన్‌ ఏ చోరీ బండిదో అన్న ప్రశ్న తలెత్తుతుంది.

పక్క రాష్ట్రం నుంచి తెచ్చిన బండికి అక్కడి అధికారులిచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఫారం 28 తప్పనిసరి. చోరీ కేసు లేదని పోలీసు నివేదిక తీసుకున్నాకే దానిని ఇస్తారు. 12 నెలలకు మించి ఇక్కడ ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి. కర్ణాటక, తమిళనాడు నంబర్లతో సరిహద్దు జిల్లాల్లో అమ్మకానికి వచ్చే యెజ్డీలు, బుల్లెట్లు కొనేవారు డబ్బు చెల్లించే ముందే ఈ పత్రం అడగాలి. తర్వాత పంపుతామన్న మాట నమ్మి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న వారెందరో!

‘ఆర్‌సీ మేమే ఇప్పిస్తాం’

అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది ఇక్కడ. కాగితాలు లేని బండికి పది, పదిహేను వేలకు ఆర్‌సీ తెప్పిస్తామనే మధ్యవర్తులు తారసపడతారు. తుక్కుగా పోయిన అదే కంపెనీ బండి ఆర్‌సీని సంపాదించి, ఆ చాసిస్‌ నంబరును ఈ ఫ్రేముపై కొట్టడం, లేదా ఆ ఫ్రేములో నంబరున్న ముక్కను కోసి ఇక్కడ అతికించడం ఇందులోని కిటుకు. చేతికి వచ్చేది అసలు ఆర్‌సీయే. ఆన్‌లైన్‌లోనూ కనిపిస్తుంది. బండి మాత్రం అది కాదు. బయటపడిన రోజున నంబరు దిద్దిన నేరం, ఫోర్జరీ, చోరీ సొత్తు కలిగి ఉండటం వంటి అభియోగాలు బండి ఎవరి ఇంటి ముందు ఉంటే వారి మెడకే చుట్టుకుంటాయి. చోరీ సొత్తు స్వీకరణ భారతీయ న్యాయ సంహితలోని 317వ సెక్షన్‌ కింద నేరం. మధ్యవర్తి ఫోను అప్పటికి పనిచేయదు.

యాభై ఏళ్లు దాటితే

మొదటి రిజిస్ట్రేషన్‌ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు లేని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు 2021 జులైలో కేంద్రం వింటేజ్‌ వర్గాన్ని ఏర్పరచింది. వీటికి నంబరులో ‘వీఏ’ అన్న అక్షరాలుంటాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20 వేలు, ఆపై పునరుద్ధరణకు రూ.5 వేలు. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, ఇంధనం పోయించుకోవడం, మరమ్మతులకే రోడ్డెక్కించాలి. రోజూ పొలానికో, కచేరీకో వెళ్లడానికి కుదరదు. ఇందులోనూ గతంలో మన దేశంలో రిజిస్టరైన బండికి పాత ఆర్‌సీ అడుగుతారు, విదేశం నుంచి వచ్చినదైతే కస్టమ్స్‌ బిల్‌ ఆఫ్‌ ఎంట్రీ కావాలి. కాగితాలు లేనివారికి ఇదొక దొడ్డిదారి అన్న ప్రచారంలో నిజం లేదు.

ఏ మార్గమూ కుదరని బండిని పాకలోనే ఉంచుకోవచ్చు. ఎక్కడా నడపనంత వరకు రిజిస్ట్రేషన్‌ ప్రశ్న రాదు. అమ్మేయాలనుకుంటే మాత్రం అక్కడా చిక్కే. 2021 నిబంధనల కింద ఏర్పాటైన రిజిస్టర్డ్‌ తుక్కు కేంద్రాలు సైతం బండిని తీసుకునే ముందు ఆర్‌సీ అడుగుతాయి. చోరీ జాబితాలో లేదని సరిచూసుకున్నాకే ధ్రువపత్రం ఇస్తాయి.